మంద కట్టిన మూడు రాత్రులు

తొమ్మిదీ అయిదుకు గొర్రెల కాపరి తోఖ్తార్‌ను ఠాణా గదిలోకి తెచ్చారు. సాయంత్రం నాలుగింటికి నగరం జైలు బండి వస్తుంది. ఆ బండి ఎక్కాడంటే అతను మళ్లీ గడ్డి వాసన చూసేది పన్నెండేళ్ల తర్వాతే. అతనికి ఇప్పుడు యాభై ఎనిమిది.

బల్ల వెనక ఉల్‌మెకెన్ కూర్చుంది. నగరం నుంచి నిన్న వచ్చిన డిటెక్టివ్. భారీ మనిషి. చేతికి తాళం తిప్పే పాత గడియారం, కోటు జేబులో ఎండబెట్టిన పుల్లపెరుగు ఉండలు. మగవాళ్లు సిగరెట్టు కాల్చే చోట ఆవిడ ఒక ఉండ బుగ్గన పెట్టుకుంటుంది. దొంగలు కూడా ఆవిడను ‘అపాయ్’ అనే, ఇంట్లో పెద్దక్కను పిలిచినట్టే, పిలుస్తారని విన్నాను.

కిటికీ దగ్గర జిల్లా కెప్టెన్ ఎల్జాస్ నిలబడ్డాడు. కేసు అతనిది. తలుపు దగ్గర నేను. పేరు బైజాన్. ఈ మైదానంలో చెదురుమదురుగా ఉన్న ఏడు ఊళ్లకు ఇరవై రెండేళ్లుగా నేనొక్కడినే పోలీసును.

“ఇందులో చిక్కుముడేం లేదపాయ్,” అన్నాడు కెప్టెన్. “కరువు పరిశీలన కేంద్రంలో పనిచేసే అమానత్ ఈ నెల పదో తారీకు మధ్యాహ్నం పెట్రోలు పోయించుకుని వెళ్లాడు. ఇవాళ పంతొమ్మిది. మనిషి లేడు. పద్నాలుగున అతని జీపు దొరికింది. ఎక్కడ? ఇదిగో, ఈయన బావి దగ్గర, సారికుదుక్‌లో. తలుపు పిడికి నెత్తురు. ఈయనకు అమానత్ మీద కోపం. అదీ ఊరంతా విన్నదే.”

“ఏం కోపం?”

“కేంద్రం వాళ్లు ఉపగ్రహం చిత్రాలు చూసి కరువు పటం గీస్తారు. ఈయన మేతభూమి పటంలో పచ్చగా వచ్చింది. పచ్చగా వస్తే సర్కారు ఎండుగడ్డి రాదు. కొట్టు ముందు అమానత్ చొక్కా పట్టుకుని, ‘నీ పచ్చదనం నీ చేతే మేయిస్తా’ అన్నాడు. పదిమంది సాక్షులు.”

ఉల్‌మెకెన్ తోఖ్తార్ వైపు తిరిగింది. “అన్నావా?”

“అన్నాను.”

“పదో తారీకు ఎక్కడున్నావు?”

“మందతో.”

“మంద ఎక్కడుంది?”

“మేత ఉన్నచోట.”

కెప్టెన్ నవ్వాడు. “మూడు రోజులుగా ఇదే పాట. ఏప్రిల్‌లోనే సారికుదుక్ ఖాళీ చేసి ఇసుకదిబ్బలకు పోయాడట. పోయినవాడు తిరిగి రాలేడా? తోడు ఎవరున్నారంటే, పెళ్లాం పురుటికని కూతురింటికి వెళ్లిందంటాడు. సాక్షులెవరయ్యా అంటే గొర్రెలట! వాటి చేత వేలిముద్రలు వేయించమంటారా?”

తోఖ్తార్ కెప్టెన్ వైపు చూడను కూడా చూడలేదు. మూడు వందల గొర్రెలు, వాటి దగ్గర ఇప్పుడు, కబురంది కూతురింటి నుంచి తిరిగొచ్చిన భార్య బల్సులూ ఒక్కతే. తుంటినొప్పి మనిషి. పద్దెనిమిది మీటర్ల లోతు బావిలోంచి తోలు మోటతో నీళ్లు లాగాలి. అతని చూపు ఆ మోట తాడు మీదే ఉందని నాకు తెలుస్తోంది.

ఉల్‌మెకెన్ బుగ్గనున్న ఉండను అటునుంచి ఇటు మార్చింది.

“మందను ఒకచోట ఎన్ని రాత్రులు కడతావు, పెద్దాయనా?”

తోఖ్తార్ మొదటిసారి తలెత్తాడు. “మూడు.”

“నాలుగెందుకు కాదు?”

“నాలుగోనాటికి పెంటిక దుమ్మవుతుంది. ఆ దుమ్ము పీల్చి గొర్రె దగ్గుతుంది. గిట్ట కుళ్లుతుంది. మా నాన్న మూడే కట్టేవాడు.”

“కరువు కదా. ఒంట్లో ఓపిక లేక అయిదు రాత్రులు ఒకేచోట కట్టలేదూ?”

“కరువులో గొర్రెకు మిగిలింది గిట్టలే. వాటినీ కుళ్లబెట్టుకుంటామా అపాయ్?”

ఆవిడ కాగితం, పెన్సిలు ముందుకు తోసింది. “నిన్ను పట్టుకొచ్చిన పొద్దు నుంచి వెనక్కి రాయి. ఏ చోట, ఎన్ని రాత్రులు.”

“తారీకులు నాకు తెలీవు.”

“నాకు తెలుసు. నువ్వు రాత్రులు రాయి.”

బేడీల చేతులతో నాలుగు వరసలు రాశాడు. జీడెలి ఒకటి. ఉజున్‌కుమ్ మూడు. ఆక్షి మూడు. కోష్‌తోబె మూడు. ఆవిడ ఆ కాగితం చదవలేదు. నాలుగు మడతలు పెట్టి లేచి వెళ్లి, కెప్టెన్ చొక్కా జేబులో పెట్టి, బొత్తాం తనే పెట్టింది.

“ఇదేంటపాయ్?”

“మీ దగ్గరే ఉండనివ్వండి. నేనడిగేదాకా తెరవకండి. రేపెవరూ నేను దిద్దానని అనకూడదు.”

ఆ క్షణంలో ఆవిడ ఏం చేస్తోందో నాకు సగం అర్థమైంది.

* * *

తొమ్మిదీ నలభైకి రెండు బళ్లు బయల్దేరాయి. ముందు బండిలో కెప్టెన్, అతని డ్రైవరు, తోఖ్తార్. నేరం జరిగినచోటికి ముద్దాయిని తీసుకెళ్లి ‘ఎలా చేశావో చూపించు’ అనడం మా పోలీసుల ఆనవాయితీ. వెనక బండి నేను తోలాను. ఉల్‌మెకెన్ నా పక్కన. వెనక సీట్లో కామ్షాత్. కేంద్రంలో చిత్రాలు చదివే అమ్మాయి. ముప్పై దాటి ఉండవు. ఒళ్లో ల్యాప్‌టాప్‌ను చంటిపిల్లలా పట్టుకుంది.

ఆ అమ్మాయి ఒక గొర్రెల కాపరి మనవరాలు. దారిలో ఉల్‌మెకెన్ అడిగే ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పింది.

“ఆకు బతికున్నంతకాలం మన కంటికి ఆనని వెలుగొకదాన్ని పైకి విసురుతుందపాయ్. వాడేకొద్దీ ఆ విసురు తగ్గుతుంది. పైన తిరిగేది దాన్నే కొలుస్తుంది. మనకు గడ్డి ఎండినట్టు కనబడటానికి పది రోజుల ముందే అది దాహం వేసిందని చెబుతుంది.”

“ఎన్నాళ్లకోసారి వస్తుంది?”

“అయిదు రోజులకోసారి, పొద్దున పదకొండున్నర ప్రాంతంలో. ఈ నెల మూడు, ఎనిమిది, పదమూడు, నిన్న పద్దెనిమిది. దేవుడి దయ, నాలుగు రోజులూ మబ్బు లేదు.”

“మబ్బు లేకపోవడం కూడా దేవుడి దయేనా?” అన్నాను నేను.

కామ్షాత్ నాలుక కరుచుకుంది. ఉల్‌మెకెన్ పొట్ట కదిలేలా నవ్వింది.

పదింబావుకి, ఫోను సిగ్నల్ పోయే గుట్టకు కాస్త ముందు, కామ్షాత్‌కు కబురొచ్చింది. ల్యాప్‌టాప్ తెరిచి ఏదో పంపింది. “మా పెద్దసారు సెరింబెత్,” అంది. “కొత్త చిత్రం వస్తే ఆయనకు ఓపిక ఉండదు.”

తర్వాత గుట్ట దాటాం. ఫోను చచ్చిపోయింది.

* * *

పన్నెండూ అయిదుకు సారికుదుక్ చేరాం.

దూరం నుంచి చూస్తే పచ్చగానే ఉంది. మోకాలెత్తు మొక్కలు, తెల్లటి పూలు. బావి చుట్టూ అర కిలోమీటరు మేర అదే. దిగి చూస్తే అంతా అడ్రస్పాన్. మా ఇళ్లలో దిష్టికి పొగవేసే మొక్క. ఎంత కరువొచ్చినా పచ్చగానే ఉంటుంది. ఎంత ఆకలేసినా గొర్రె దాన్ని ముట్టదు.

కామ్షాత్ ఒక రెమ్మ తుంచి వాసన చూసింది. ముఖం ముడుచుకుపోయింది.

“ఇదా నా పచ్చదనం,” అంది. “పైనున్నది ఆకును చూస్తుంది గానీ గొర్రె నోటిని చూడదు. అందుకే అమానత్‌ను వెళ్లి చూడమన్నాను. ఆ తప్పు నాది, పెద్దాయనా.”

తోఖ్తార్ బేడీల చేతులు ఎత్తి, పోనీలే అన్నట్టు దించాడు.

జీపు బావికి ఇరవై అడుగుల దూరంలో ఉంది. తలుపులకు అంటించిన సీలు కాగితాలు చెక్కుచెదరలేదు. ఉల్‌మెకెన్ వాటిని చింపి, లోపలికి ఎక్కకుండా బయటి నుంచే చాలాసేపు చూసింది.

“బైజాన్, అమానత్ ఎంత ఎత్తు?”

“నా భుజం దాకా వస్తాడపాయ్.”

“తోఖ్తార్?”

“అంతే.”

“నువ్వెక్కి కూర్చో.”

కూర్చున్నాను. నేను ఆరడుగుల మనిషిని. అయినా నా కాళ్లు పెడళ్లకు ఆనాయే గానీ పూర్తిగా నొక్కడానికి ముందుకు జరగాల్సి వచ్చింది. సీటు చివరిదాకా వెనక్కి తోసి ఉంది.

“రాసుకోండి కెప్టెన్. దీన్ని ఆఖరిసారి తోలినవాడు బైజాన్ కన్నా పొడుగు.”

“సీటు ఎవరైనా జరుపుతారు.”

“అవును. పొడుగు కాళ్లున్నవాళ్లు జరుపుతారు.” ఆవిడ వెనక తలుపు తెరిచింది. “కామ్షాత్, అమానత్ సామాను చూడు. ఏం లేదు?”

అమ్మాయి వేళ్ల మీద లెక్కపెట్టింది. “త్రాసు ఉంది. సంచులున్నాయి. కొడవలి లేదు. ఇనుప చట్రం లేదు. నీళ్ల డబ్బా లేదు.”

“చట్రం దేనికి?”

“గడ్డి కోసి తూచడానికి. ఆయన పద్ధతి ఒకటుంది. ఇరవై అంగలు ఇటు, ఇరవై అంగలు అటు, నలుచదరంగా మడి కొలుస్తాడు. వరసగా మూడు. నాలుగోది మాత్రం విడిగా, ఉత్తరాన. ‘మూడూ కూడబలుక్కుని అబద్ధమాడితే నాలుగోది నిజం చెబుతుంది’ అంటాడు. జిల్లాలో ఇంకెవరూ అంత కష్టపడరు. చట్రం, కొడవలి ఆయన ఒంటిమీది చేతుల్లాంటివి.”

“అంటే జీపులోంచి దిగి పని చేస్తుండగా ఏదో జరిగింది. ఆ పని ఇక్కడ చేశాడా? బైజాన్?”

నేను అప్పటికే చుట్టూ తిరిగొచ్చాను. అడిగింది కాబట్టి చెప్పాను. “ఇక్కడ కొడవలి పడలేదపాయ్. కోసిన మొదలు ఒక్కటీ లేదు. తొట్లలో పాచి పెళుసెక్కి విరుగుతోంది, నెల పైనే అయింది నీళ్లు పడి. పెంటికలు తెల్లబడ్డాయి. ఏప్రిల్ తర్వాత ఇక్కడ మంద లేదు. గుర్రం లద్దె కొత్తది లేదు. ఇంకోటి, చక్రాల కింద నలిగిన మొక్కలు రెండు వరసలు. ఒకటి ఈ జీపుది, వచ్చి ఆగింది. రెండోది ఇంకా వెడల్పు బండి, వచ్చి, చుట్టు తిరిగి, దక్షిణానికి పోయింది. రెండు వరసలూ ఒకే రోజు నలిగాయి. వాడిన రంగు ఒకటే.”

“ఇవన్నీ నాతో ఎందుకు చెప్పలేదు?” అన్నాడు కెప్టెన్.

“ఏప్రిల్ సంగతి చెప్పాను, మీరు వినలేదు. మిగతావి మీరడగలేదు.”

దక్షిణం అనగానే అటు చూశాను. ఆ వైపు ఆరు కిలోమీటర్లలో చవుడు పర్ర మొదలవుతుంది. దాని అంచున సన్నటి దుమ్ము లేచింది. సుడిగాలి అనుకున్నాను. సుడిగాలి నిలువుగా లేస్తుంది. ఇది అడ్డంగా సాగుతోంది. గడియారం చూశాను. పన్నెండూ నలభై. అంతలో ఉల్‌మెకెన్ పిలిచింది.

* * *

ఆ ఎండలో ల్యాప్‌టాప్ తెరమీద ఏమీ కనబడదు. నా గొర్రెతోలు కోటు తెచ్చి జీపు ముందుభాగం మీద పరిచాం. కామ్షాత్, ఉల్‌మెకెన్, కెప్టెన్ ముగ్గురూ కోటు కింద తలలు దూర్చారు. నేను వెనకనుంచి అంచు ఎత్తి పట్టుకుని చూశాను. పొయ్యి ఊదుతున్న ముగ్గురు తోడికోడళ్లలా ఉన్నారు.

“ఇప్పుడు మీ జేబులో కాగితం తీయండి కెప్టెన్. పైనుంచి చదవండి.”

“జీడెలి, ఒకటి. ఉజున్‌కుమ్, మూడు. ఆక్షి, మూడు. కోష్‌తోబె, మూడు.”

“ఆయన్ని పట్టుకున్నది పదహారు పొద్దున. పదిహేను రాత్రి జీడెలి. పన్నెండు, పదమూడు, పద్నాలుగు ఉజున్‌కుమ్. తొమ్మిది, పది, పదకొండు ఆక్షి. ఆరు, ఏడు, ఎనిమిది కోష్‌తోబె. కామ్షాత్, ఎనిమిదో తారీకు చిత్రం పెట్టు.”

తెర మీద ఇసుకరంగు నేల. కామ్షాత్ దాన్ని దగ్గరకు లాగింది, ఇంకా దగ్గరకు లాగింది. చుక్కలు చుక్కలుగా విడిపోయింది.

“ఒక్కో చుక్క నేలమీద పది మీటర్లు,” అంది. “మూడు వందల గొర్రెలు రాత్రి పడుకుంటే గడ్డి మొత్తం నలిగి, పెంటిక పడి, నేల నల్లబడుతుంది. నాలుగైదు చుక్కలంత గుండ్రటి మచ్చ. మా తాత మంద మచ్చలు చూసే నేను చిత్రాలు చదవడం నేర్చుకున్నా. ఇదిగో కోష్‌తోబె. మచ్చ ఉంది. ఇదిగో ఆక్షి. ఖాళీ.”

“పదమూడు పెట్టు.”

చిత్రం మారింది. ఆక్షి దగ్గర, ముందు ఖాళీగా ఉన్నచోట, బొట్టు పెట్టినట్టు గుండ్రటి నల్లమచ్చ. ఉజున్‌కుమ్ దగ్గర లేతగా ఇంకొకటి, ఒక్క రాత్రిది.

నేను కోటు అంచు పట్టుకున్న చేయి బిగించాను. ఆకాశంలో ఎక్కడో ఏడెనిమిది వందల కిలోమీటర్ల పైన ఒక పెట్టె పోతోంది. దానికి తోఖ్తార్ ఎవరో తెలీదు, అతని గొర్రెలు తెలీవు. అయినా అతను ప్రతి మూడో రాత్రీ చేసిన పనిని తారీకు వేసి దాచిపెట్టింది. చదువు రాని గొర్రెలు నేలమీద రాశాయి. ఈ అమ్మాయి చదివింది. ఏం అడగాలో ఆ భారీ మనిషికి పొద్దున తొమ్మిదింటికే తెలుసు. నా జీవితంలో నేను టోపీ తీసింది చావు ఇళ్లలోనే. ఆవేళ కోటు వదలకూడదు గనక తీయలేదు గానీ, తీసినట్టే.

“ఆక్షి నుంచి ఇక్కడికి నలభై అయిదు కిలోమీటర్లు,” అంది ఉల్‌మెకెన్. “పదో తారీకు ఈయన మందతో అక్కడున్నాడు.”

కెప్టెన్ కోటు కిందనుంచి తల బయటికి లాగాడు. ముఖం ఎర్రగా ఉంది. “మంద ఉంది. మనిషి ఉన్నాడని ఎక్కడుంది? తెల్లారగట్ల గుర్రమెక్కితే రాత్రికి తిరిగి రావచ్చు. ఆకాశం కబుర్లు నాకు చెప్పకండపాయ్. చుక్కలు చూపించి ఖూనీకోరును విడిపిస్తారా?”

“కాపరి లేని మంద సాయంత్రం గుండ్రంగా పడుకుంటుందా?”

“అలవాటైన మంద పడుకుంటుంది.”

“సరే. గుర్రం మీద రానూపోనూ తొంభై కిలోమీటర్లు. ఏ గుర్రం?”

“ఈయన గుర్రం.”

“అది ఎలాంటిదో పదహారో తారీకు మీ చేత్తో మీరే రాసిన జప్తు కాగితంలో ఉంది. నిన్న రాత్రి మూడుసార్లు చదివాను. మీరొకసారి చదవండి.”

కెప్టెన్ సంచీలోంచి కాగితాలు తీశాడు. పెదవులు కదిపి చదివాడు. ఆగిపోయాడు.

“గట్టిగా,” అంది ఆవిడ.

“‘ఎర్ర ఆడగుర్రం ఒకటి. దాని వెంట పిల్ల, వయసు నెల లోపు.’”

ఎల్జాస్ పట్నంలో చదివాడు గానీ పుట్టింది గుర్రాల ఇంట్లోనే. పాలు తాగే పిల్ల వెంట ఉన్న తల్లిని ఒక్కరోజులో తొంభై కిలోమీటర్లు తోలేవాడు మా మైదానంలో లేడు. తోలినా తల్లి కదలదు. కదిలితే పిల్ల బతకదు.

“పిల్ల బాగుందా?” అన్నాడు కెప్టెన్ చివరికి, తోఖ్తార్‌తో.

“మీరు పట్టుకొచ్చిననాటికి బాగానే ఉంది.”

ఎల్జాస్ కాగితాలు మడిచాడు. నేను అతన్ని మెచ్చుకున్నది అప్పుడే. తప్పు మింగడానికి కొందరికి ఏడాది పడుతుంది. అతనికి అర నిమిషం పట్టింది.

“అయితే జీపును ఇక్కడెవడు పెట్టాడు?”

“మీరే చెప్పాలి,” అంది ఉల్‌మెకెన్. “ఏప్రిల్‌లో ఈయన ఒంటెల మీద ఇల్లు వేసుకుని పోతుంటే ఏడు ఊళ్లూ చూశాయి. ఇక్కడ నలుసంత మేత లేదని మా ఊళ్లో కుక్కకు కూడా తెలుసునని నిన్న బైజాన్ అన్నాడు. మరి ఈయన ఇంకా ఇక్కడే ఉన్నాడనుకుని, నేరం ఈయన మీదికి తోయాలని జీపు తెచ్చి పెట్టినవాడు ఎవడు? నేల తొక్కనివాడు. పటం చూసి ఇక్కడ పచ్చగా ఉందని నమ్మినవాడు. జీపు ఇక్కడుందని మీకెవరు చెప్పారు?”

“సెరింబెత్. కేంద్రం పెద్ద. పద్నాలుగు పొద్దున ఎనిమిదీ ఇరవైకి ఫోను చేశాడు. ‘మా జీపు తోఖ్తార్ బావి దగ్గర నిలబడి ఉంది, వెళ్లి చూడండి’ అన్నాడు.”

“ఎలా తెలుసని అడగలేదా?”

“అడగడానికేముంది? ఆకాశం నుంచి చూసేవాళ్లే కదా. చిత్రంలో చూసి ఉంటాడనుకున్నా.”

కోటు కిందనుంచి కామ్షాత్ మెల్లగా బయటికొచ్చింది. జుట్టు నుదుటికి అంటుకుపోయింది.

“కెప్టెన్ గారూ, ఒక్కో చుక్క పది మీటర్లని ఇప్పుడే చెప్పాను. జీపు నాలుగు మీటర్లు. మంద మచ్చ కనబడుతుంది. జీపు కనబడదు. ఏ చిత్రంలోనూ కనబడదు.”

పొద్దుటినుంచీ ఆకాశం కబుర్లని వెక్కిరించినవాడు, ఆ ఆకాశాన్నే గుడ్డిగా నమ్మి మోసపోయాడు. టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

“సెరింబెత్ ఎంత పొడుగు?” అడిగింది ఉల్‌మెకెన్.

“ఒంటె,” అన్నాను. “తలుపుల దగ్గర వంగి నడుస్తాడు.”

* * *

ఒంటిగంట దాటి ఏడు నిమిషాలు. కామ్షాత్ ల్యాప్‌టాప్ మూసి ఉల్‌మెకెన్ వైపు తిరిగింది.

“అపాయ్, నేను గీసిన పటంలో రెండు పచ్చలున్నాయి. ఒకటి ఇది. రెండోది కోక్సాయ్ దగ్గర, పర్ర అవతల. అక్కడ పాతకాలపు బోరుబావి ఉంది, మూత బిగించి ఇరవై ఏళ్లయింది. మనిషి ఉండడు. అక్కడ నలుచదరంగా పచ్చ. మొక్క తనంతట తాను నలుచదరంగా మొలవదు కదా, ఎవరో ఆ మూత తీసి నీళ్లు పెట్టాలి. రెండూ చూసి రమ్మని అమానత్‌తో చెప్పాను. అచ్చయిన పటంలో ఒకటే మిగిలింది. లెక్క తప్పని కొట్టేశానన్నాడు పెద్దసారు.”

“ఆయన పందెం గుర్రాలు ఈ కరువులోనూ నిగనిగలాడుతున్నాయి,” అన్నాడు కెప్టెన్ తనలో తను. “నీళ్లు పెడితేనే పెరిగే లూసర్న్ గడ్డి ఎక్కడ దొరుకుతోందని కిందటి నెల నేనే అడిగా. నవ్వాడు.”

“ప్రతి అయిదో రోజూ ఆయన నన్ను ఒక్క ముక్కే అడుగుతాడు,” అంది కామ్షాత్. “కోక్సాయ్ ముక్క. ఇవాళ దారిలో అడిగిందీ అదే. నేను చూడకుండానే పంపేశాను.”

“తెరువు.”

మళ్లీ కోటు కిందికి దూరారు. ఈసారి తోఖ్తార్ కూడా వంగాడు.

పదమూడో తారీకు: ఎండిన నేల మధ్య పచ్చటి తివాచీ ముక్కలా లూసర్న్ మడి. అంచులు తిన్నగా, నిండుగా ఉంది.

పద్దెనిమిది, అంటే నిన్న: అదే మడి. దాని మధ్యలో మూడు పాలిపోయిన చదరాలు. వరసగా, సమంగా. ఉత్తరాన విడిగా నాలుగోది. సగమే ఉంది.

కామ్షాత్ వెక్కి ఏడ్చింది. మాటలు దొర్లుకుంటూ వచ్చాయి. “ఆయనే. కొడవలి ఆయన దగ్గరే ఉంది. ఏ రోజు, ఏ వేళకు పైనుంచి పోతుందో ఆయనకు తెలుసు. నేను చూస్తానని తెలుసు. నడవలేడు కాబోలు, నడవగలిగితే వచ్చేసేవాడు. పాకుతూ కోసి ఉంటాడు. నిన్న పదకొండున్నరకు బతికే ఉన్నాడపాయ్.”

తొమ్మిది రోజులు. చచ్చాడని వదిలేసి పోయినచోట, దొంగ బోరు నుంచి కారే నీళ్లు తాగుతూ, కొడవలితో నేల మీద ఉత్తరం రాస్తున్నాడు. చదవగలిగిన మనిషి ఈ జిల్లాలో ఒక్కతే ఉందని నమ్మి.

“ఒక్కతే కాదు,” అంది కామ్షాత్, నేను అనుకున్నది విన్నట్టు. “ఆ మూడూ ఒకటీ పద్ధతి అమానత్‌కు నేర్పింది పెద్దసారే.”

ఉల్‌మెకెన్ బుగ్గనున్న ఉండను తీసి విసిరేసింది. “పదింబావుకి పంపావు. చూసిన నిమిషంలో బయల్దేరి ఉంటాడు. కోక్సాయ్‌కు దారెంత?”

“రోడ్డున అయిదు గంటలు,” అన్నాడు కెప్టెన్. “మనకు టైముంది.”

ఇక దాచలేకపోయాను. “లేదు. పన్నెండూ నలభైకి పర్ర అంచున దుమ్ము అడ్డంగా పోయింది. రెండో బండి వరస కూడా అటే పోయిందన్నానుగా. వాళ్లకు అడ్డదారి తెలుసు.”

ఉల్‌మెకెన్ నావైపు తిరిగింది. “ఇప్పుడా చెప్పడం?”

జవాబు నాలుక మీదే ఉంది. ఎవరూ అడగలేదు. ఇరవై రెండేళ్లుగా నాకు గౌరవం తెచ్చిన ఆ మాట ఆవేళ నోట్లో చవుడులా తగిలింది. మింగేశాను.

“అరగంట ముందున్నాడు,” అన్నాడు తోఖ్తార్. అతని గొంతు అందరికీ కొత్తగా వినబడింది. “పర్ర యాభై కిలోమీటర్లు. దారి తెలిసినా, పైపొర ఎక్కడ గట్టో ఏ వారానికా వారం మారుతుంది. తెలియనివాడికి గంటన్నర. నేను గంటలో దాటిస్తా.” బేడీలు ముందుకు చాచాడు.

కెప్టెన్ తాళం తీశాడు. తీస్తూ, ఊరి పెద్దను పిలిచే మాటతో అన్నాడు: “అక్సకాల్, నేను...”

“తర్వాత తిట్టుకుందాం. ముందు నీ డ్రైవరును జీడెలికి పంపు. నిన్నటి రాత్రితో నాలుగయ్యాయి. మంద కదలాలి. బల్సులూ ఒక్కతే మోట లాగుతోంది.”

డ్రైవరు పట్నం కుర్రాడు, ఇస్త్రీ చొక్కా. “నేనా? గొర్రెలకు నీళ్లు తోడాలా?” అన్నాడు.

“మూడు వందలకు,” అన్నాడు కెప్టెన్. “ఒక్కటి తగ్గినా నీ మీదే జప్తు కాగితం రాస్తా. కామ్షాత్‌ను గుట్ట మీద దింపు, సిగ్నల్ దొరికేది అక్కడే. అంబులెన్సుకు ఫోను చేస్తుంది. పో.”

ఒంటిగంటా పదహారుకు నా బండి పర్రవైపు దూకింది. ముందు సీట్లో తోఖ్తార్, వెనక ఉల్‌మెకెన్, ఎల్జాస్. పర్ర అంచున రెండు చక్రాల జాడ, పైపొర పగిలిన చోట అడుగు మట్టి ఇంకా తడిగా, నల్లగా ఉంది. జాడ సూటిగా పోయింది. తోఖ్తార్ చేయి ఎడమకు చూపింది.

“దాని వెంట పోకు. తెల్లగా మెరిసేచోటే తోలు. ఆగావంటే దిగిపోతాం.”

“అతను సూటిగా పోయాడే?” అన్నాడు ఎల్జాస్.

“తొమ్మిది రోజుల కిందటి జాడ పట్టుకుని పోయాడు. పాత పటాన్ని నమ్మేవాడు కదా.”

నలభయ్యో కిలోమీటరు దగ్గర కుడివైపు దూరంగా ఒక తెల్ల బండి ఇరుసుల దాకా కూరుకుపోయి కనబడింది. తలుపులు రెండూ తెరిచి ఉన్నాయి. లోపల మనిషి లేడు. అక్కణ్నుంచి బయల్దేరిన అడుగులు కాస్త ముందు మా దారికే వచ్చి కలిశాయి.

ఉల్‌మెకెన్ కళ్లు చికిలించి చూసింది. ఈసారి ఆవిడ అడిగేదాకా నేను ఆగలేదు.

“రెండు జతల అడుగులపాయ్,” అన్నాను. “కోక్సాయ్ వైపే. ఒకటి ఒంటె అడుగంత బార. ఇంకొకడు, ఆ రోజు వెడల్పు బండి తోలినవాడై ఉండాలి, బరువేదో మోస్తున్నాడు, కుడి భుజం మీద. పొడుగ్గా ఉందది. ఆ భుజం వైపు మడమ లోతుగా దిగుతోంది. నా లెక్కన తుపాకీ.”